చేతిచమురు భాగవతం

ఈ వారం పార్లమెంటు ముచ్చట్లు ప్రక్కన పెట్టి మా అక్కయ్య పద్దుల పుస్తకాన్ని గూర్చి వ్రాయదలచాను. పాఠకులు మన్నింతురు గాక. ఆ పుస్తకంలోని అంకెలకూ, పార్లమెంటు ఆమోదించిన ఒక చిన్న వాక్యానికీ దగ్గర సంబంధమే ఉన్నది. ఆ వాక్యం రాజ్యసభ గడప దాటిన రోజున నేను విలేకరుల గ్యాలరీలో కూర్చొని ఉండి కూడా దానిని గమనించలేదు. ఆ సంగతి ఒప్పుకొనడానికే ఇంత ఉపోద్ఘాతం.

అక్కయ్య, బావగారు బచేలిలో ఉంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో, బైలాడిల్లా కొండల క్రింద ఉన్న ఊరది. బైలాడిల్లా అంటే ఎద్దు మూపురమట. దూరం నుంచి చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చినదో ఎవరూ చెప్పనక్కరలేదు. కొండపై 1968లో కిరండూల్ వైపు గని, 1977లో బచేలి వైపు గని ప్రారంభమైనాయి. అక్కడి ఇనుపరాయి కొత్తవలస దాకా నాలుగువందల కిలోమీటర్ల పైచిలుకు రైలుమార్గం మీదుగా విశాఖ రేవుకు దిగుతుంది. రాయి దిగి వచ్చిన దారినే మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వారు పైకి ఎక్కిపోయారు. బావగారు అట్లా వెళ్ళినవారే. గనిలో యంత్రాలు మరమ్మతు చేసి పదవీ విరమణ చేశారు. కొడుకుకు కూడా అక్కడే ఉద్యోగం దొరికినందున ఊరు వదలలేదు. బజారులో సగం బేరం తెలుగులోనే సాగుతుంది. కష్టం వస్తే మాత్రం అందరూ విశాఖపట్నం వైపే చూస్తారు.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బావగారు కూరగాయల సంచీతో స్కూటరుపై ఇంటికి వస్తూ ఉండగా వెనుకనుంచి ఒక బాడుగ జీపు వచ్చి కొట్టింది. తొడ ఎముక రెండు ముక్కలైంది. విశాఖపట్నంలో శస్త్రచికిత్స చేసి లోపల కడ్డీ వేశారు. ఆసుపత్రి బిల్లులో పెద్ద భాగం పదవీ విరమణ చేసిన ఉద్యోగుల వైద్య పథకం క్రింద గడిచిపోయింది. ఫోనులో అడిగిన ప్రతిసారీ బావగారు, ‘అంతా సంస్థే చూసుకుంది, మాకేమీ ఖర్చు కాలేదు’ అనేవారు. నేనూ నమ్మాను.

2025 ఫిబ్రవరి 13న బడ్జెట్ సమావేశాల మొదటి విడత ముగిసి ఉభయ సభలు విరామానికి వాయిదా పడ్డాయి. ఆ విరామంలో బచేలి వెళ్ళాను. బావగారు వాకర్ పట్టుకొని వరండాలో నడుస్తున్నారు. భోజనాలైన తరువాత అక్కయ్య బిస్కట్ల రేకు డబ్బా ఒకటి, అట్ట ఊడిన పద్దుల పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. పాలు, పేపరు, చాకలి పద్దుల మధ్య ఆమె ఆరు నెలలుగా బావగారి కాలి పద్దు విడిగా వ్రాస్తూ వచ్చింది.

విశాఖకు అంబులెన్సు రూ. 18,000. ఆసుపత్రికి ఎదుట లాడ్జిలో గది, రోజుకు 700 చొప్పున 31 రోజులకు రూ. 21,700. తనకూ, కొడుక్కూ హోటలు భోజనం రూ. 12,400. ఇంటికి వచ్చిన తరువాత మూడు నెలల పాటు మంచం దగ్గర మనిషిని పెట్టినందుకు రూ. 27,000. వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ కుర్రవాడికి అరవై రోజులకు రూ. 18,000. రైళ్ళు, ఆటోలు రూ. 9,350. వాకరు, పగిలిన కళ్ళజోడు వగైరా రూ. 6,150. స్కూటరు మరమ్మతు రూ. 8,600. కూడితే రూ. 1,21,200 అయింది. ‘ఏమీ కాలేదు’ అన్న ఖర్చు ఇది!

మన పెద్దలు చేతిచమురు భాగవతం అని ఒక మాట అనేవారు. ఆట ఊరిదే, దీపంలో నూనె మాత్రం ఆడేవాడిది. నేను ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాడిని. చేతినుంచి పడే ఖర్చు అనే భావానికి ఆ భాషలో జేబుతో ముడిపెట్టిన నుడికారం ఒకటి ఉన్నది కాని, మన చమురులో ఉన్న ఎకసెక్కెం దానిలో లేదు.

జీపు యజమాని నుంచి ఏమైనా రాబట్టారా అని అడిగాను. యజమాని ప్రమాదమైన మరునాడే మనిషిచేత పదివేలు పంపాడట. ‘కేసు వద్దు, మనలో మనం చూసుకుందాం’ అన్నాడట. బావగారు ఆ డబ్బు త్రిప్పి పంపారు. ఎఫ్‌.ఐ.ఆర్. నమోదైంది. తరువాత ఏమీ చేయలేదు. ఎందుకు చేయలేదంటే:

‘ఏమోయ్, ఆ డ్రైవరు కుర్రవాడి జీతమెంతో నీకు తెలుసా? పాతికేళ్ళు లేవు వాడికి. ఆసుపత్రికి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చొని ఏడ్చాడు. ఇప్పుడు వాడి మీద దావా వేసి, వాడి పెంకుటిల్లు అమ్మించమంటావా?’

ఈ మాట విన్నప్పుడు నాకు బావగారి మీద గౌరవం పెరిగింది. మన ప్రచార యంత్రాంగం మీదా, నా వృత్తి మీదా కాస్త తగ్గింది. తప్పు చేసిన డ్రైవరు నుంచి ఖర్చులు రాబట్టడమంటే అతని జేబు తడమడమని చదువుకున్నవారు కూడా అనుకుంటున్నారు. మన శాసనంలో ఆ పని అట్లా జరుగదు. అర్జీలో డ్రైవరు ఒక ప్రతివాది, యజమాని రెండవ ప్రతివాది, బీమా కంపెనీ మూడవ ప్రతివాది. డ్రైవరు అజాగ్రత్త రుజువు కావాలి. కొలువులో ఉండి చేసిన తప్పుకు యజమాని బాధ్యుడు. యజమాని బాధ్యతను బీమా కంపెనీ మోస్తుంది. వాహనం రోడ్డెక్కాలంటే థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అని 1939 నాటి మోటారు వాహనాల శాసనమే చెప్పింది. యజమాని ఏటేటా ప్రీమియం కడుతున్నది ఇటువంటి రోజు కోసమే. డ్రైవరు లైసెన్సు సరిగా లేదని తేలినా, కంపెనీ ముందు క్షతగాత్రునికి చెల్లించి, తరువాత యజమాని నుంచి వసూలు చేసుకునే మార్గాన్ని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్‌సింగ్ కేసులో స్థిరపరచింది. బీమాయే లేని వాహనమైతే చిక్కు నిజమే. అప్పుడు కూడా, అటువంటి వాహనాన్ని హామీ లేకుండా విడుదల చేయరాదని, హామీ ఇవ్వకపోతే వేలం వేసి ఆ సొమ్మును ట్రిబ్యునల్‌లో జమకట్టాలని చెప్పే నిబంధనను అన్ని రాష్ట్రాలూ చేర్చుకోవాలని 2018 సెప్టెంబరులో ఉషాదేవి కేసులో ఆదేశించింది. బావగారిని కొట్టిన జీపుకు బీమా ఉన్నది; ఎఫ్‌.ఐ.ఆర్. కాగితాలలో పాలసీ నంబరు కూడా ఉన్నది.

ఇదంతా చెప్పి, ‘ఇంకేం, తీరికగా వేద్దాం’ అని కూడా అన్నాను. మరునాడు దంతెవాడలో ప్లీడరుగారిని కలిసేవరకు నా తెలివి అంతవరకే. ఆయన కాగితాలు త్రిప్పి, తేదీ చూసి, ‘ఇంకా తొమ్మిది రోజులున్నాయి. మరో పది రోజులాగి వస్తే నేను వకాలతు తీసుకునేవాడిని కాను’ అన్నాడు.

నేను పైన చెప్పిన వాక్యం ఇదే. మోటారు వాహనాల శాసనం 166వ సెక్షన్, మూడవ ఉపవిభాగం: ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపల అర్జీ వేయకపోతే దానిని స్వీకరించరాదు. 1988 శాసనంలో కూడా ఆరు నెలల గడువు ఉండేది. తగిన కారణం చూపితే ఏడాది దాకా మన్నించే వీలు కూడా ఉండేది. గాయపడినవాడు మంచం మీద ఉంటాడు, లెక్కలు చూడలేడు అనే ఇంగితంతో 1994లో పార్లమెంటు ఆ గడువును పూర్తిగా ఎత్తివేసింది. పాతికేళ్ళ తరువాత 2019 సవరణలో అదే గడువు తిరిగి వచ్చింది. ఈసారి మన్నింపు మాట లేకుండా వచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

2019 జూలై 31న రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించినప్పుడు గ్యాలరీలో మా దృష్టంతా జరిమానాల మీదనే ఉన్నది. త్రాగి నడిపితే రూ. 2,000 ఉన్న జరిమానా రూ. 10,000 కావడం, హెల్మెట్ లేకపోతే రూ. 100 కాస్తా రూ. 1,000 కావడం, రాష్ట్రాల హక్కులు, ప్రతిపక్షాల అభ్యంతరాలు - నా వార్త అంతా ఇవే. మరునాడు దేశమంతా మాట్లాడుకున్నదీ ఇవే. బిల్లు ప్రతి నా చేతిలో ఉన్నది. ఆరు నెలల వాక్యాన్ని నేను చదివానో లేదో ఇప్పుడు చెప్పలేను. చదివి ఉంటే దాని భావం తట్టలేదన్నమాట. ఆ వాక్యం వాత మా అక్కయ్య ఇంట్లో తగలబోయి తొమ్మిది రోజుల దూరంలో తప్పిపోయింది.

ఆ సవరణ అంతా చెడ్డదని నేననను. తప్పెవరిదని అడుగకుండా మరణానికి ఐదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ దానిలోనిదే. గుద్ది పారిపోయిన వాహనం దొరకకపోతే ఇచ్చే సొమ్మును మరణానికి రూ. 25,000 నుంచి రెండు లక్షలకు, తీవ్ర గాయానికి రూ. 12,500 నుంచి రూ. 50,000కు పెంచినదీ అదే. తప్పుతో నిమిత్తం లేకుండా ఇవ్వాలనే ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. తప్పు రుజువు కాకుండా పరిహారం లేదని 1977లో సుప్రీంకోర్టు మినూ మెహతా కేసులో అన్న తరువాత, 1982లో పార్లమెంటు పాత శాసనానికి 92-ఏ సెక్షన్‌ను చేర్చి మరణానికి రూ. 15,000, శాశ్వత వైకల్యానికి రూ. 7,500 నిర్ణయించింది. న్యూజిలాండు వారు మరీ ముందుకు పోయి 1974 నుంచి గాయానికి దావాలనే ఎత్తివేసి, ప్రభుత్వ నిధి నుంచే చెల్లిస్తున్నారు. మనం ఆ దారిలో సగం దూరం నడిచి ఆగినవాళ్ళం. నిర్ణీత మొత్తం చాలదనుకున్నవాడు తప్పు నిరూపించి, ఖర్చులు నిరూపించి, 166వ సెక్షన్ క్రిందనే రావాలి. అందుకే పద్దుల పుస్తకం కావలసి వస్తున్నది.

ఒక్క సదుపాయాన్ని మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. గతంలో ప్రమాదం ఏ ప్రాంతంలో జరిగితే ఆ ప్రాంతపు ట్రిబ్యునల్‌కే పోవలసి ఉండేది. 1994 సవరణ తరువాత అర్జీదారు తాను నివసించే చోట, లేదా ప్రతివాది నివసించే చోట కూడా వేయవచ్చును. బచేలి తెలుగువారికి ఇది చిన్న వరం కాదు. సంక్రాంతికి ఊరికి వెళ్ళి శ్రీకాకుళం రోడ్డు మీద దెబ్బ తగిలించుకున్నవాడు దంతెవాడలో అర్జీ వేయవచ్చు. ప్రతి వాయిదాకూ కొండ దిగనక్కరలేదు.

ఇక డబ్బా సంగతి. ప్లీడరుగారు రసీదులన్నీ బల్ల మీద పరచి ఒక్కొక్కటిగా విడదీశాడు. అంబులెన్సుకు, లాడ్జికి, స్కూటరు షెడ్డుకు, కళ్ళజోడు వగైరాలకు కలిపి రూ. 54,450కి కాగితం ఉన్నది. మిగిలిన రూ. 66,750కి అక్కయ్య చేతివ్రాత తప్ప మరేమీ లేదు. ఆటోవాడు రసీదు ఇస్తాడా? మంచం దగ్గర కూర్చున్న మనిషికి సంతకం రాదు. దేశంలో గాయపడిన లక్షలాది మంది ఖర్చు ఈ రెండవ కుప్పలోనే ఉంటుంది. న్యాయస్థానం ముందుకు వచ్చేది మాత్రం మొదటి కుప్ప.

న్యాయమూర్తులకు ఇది తెలియకపోలేదు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు క్షతగాత్రునికి ఏయే పద్దుల క్రింద ఇవ్వాలో వివరంగా చెప్పింది. వైద్యం, ఆసుపత్రి, మందులు, ప్రయాణం, పుష్టికరమైన ఆహారం, ఇతర ఖర్చులు ఒక వర్గం. మంచం పట్టిన కాలంలో పోయిన సంపాదన, ముందు ముందు పోయే సంపాదన మరొకటి. భవిష్యత్తులో అయ్యే వైద్యం, ఆ పైన బాధకు, కష్టానికి. సాధారణమైన గాయాలలో మొదటి పద్దు, చికిత్స కాలపు సంపాదన, బాధ - ఇవే ప్రధానమని కూడా అన్నది. పుష్టికరమైన ఆహారమనే మాట విని అక్కయ్య నవ్వింది. ‘రాగిజావకు కూడా ఇస్తారా?’ అన్నది. ఇస్తారు. ఎంత అనేది న్యాయమూర్తి అంచనా. ట్రిబ్యునల్ విచారణ సంగ్రహ విచారణ. సివిలు దావాలో వలె ప్రతి కాసుకూ కాగితం చూపనక్కరలేదు. క్రిమినలు కేసులో డ్రైవరు విడుదలైనా ఇక్కడి కేసు పోదని 1980లోనే జస్టిస్ కృష్ణయ్యర్ ఒక బస్సు ప్రమాదపు కేసులో తేల్చిచెప్పారు. అప్పటికప్పుడు, ఒకే వ్రాతలో, పాల పద్దు మధ్యన వ్రాసుకుంటూ వచ్చిన పుస్తకాన్ని, దానిని వ్రాసిన మనిషి ప్రమాణం చేసి చెప్పే సాక్ష్యాన్ని త్రోసివేయడం అంత సులభం కాదని ప్లీడరుగారి అభిప్రాయం. రేపు కోర్టు కోసం కూర్చొని వ్రాసిన జాబితాకు ఆ బలం ఉండదట.

ఆయన మరొక పని చేశాడు. శస్త్రచికిత్స చేసిన డాక్టరు చేత, లోపలి కడ్డీని తరువాత తీయవలసి రావచ్చుననీ, దానికి ఇంత అవుతుందనీ ఉత్తరం తెప్పించాడు. ఒకసారి పరిహారం నిర్ణయమైన తరువాత మరల వెళ్ళి అడిగే వీలు ఉండదు గనుక రాబోయే ఖర్చు కూడా ఇప్పుడే అడగాలి. ఇది తెలియక నష్టపోయినవారు ఎందరో.

సంస్థ భరించిన ఆసుపత్రి బిల్లును తామెట్లా అడుగుతామని బావగారు పట్టుపట్టారు. తన జేబునుంచి పోనిది తనకు వద్దన్నారు. దీనిపై న్యాయస్థానాలలో చాలాకాలం భేదాభిప్రాయాలున్నాయి. స్వంతంగా ప్రీమియం కట్టి పొందిన మెడిక్లెయిము సొమ్మును పరిహారం నుంచి తగ్గించరాదని బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం ఆ మార్చి నెలలోనే తీర్పు చెప్పింది. అయితే బావగారి పథకం ఆ కోవలోకి వస్తుందా రాదా అన్న చర్చకు ఆయన చోటివ్వలేదు. అర్జీలో చేతిచమురు మాత్రమే మిగిలింది.

స్కూటరు సంగతి కూడా కొందరు పాఠకులకు ఉపయోగపడవచ్చు. మనిషికి తగిలిన గాయమే కాక, పరుల ఆస్తికి కలిగిన నష్టం కూడా ట్రిబ్యునల్ పరిధిలోనిదే. 1988 శాసనం ఆస్తి నష్టానికి బీమా బాధ్యతను రూ. 6,000 అని నిర్ణయించి, 2019 సవరణ దాకా ఆ అంకెను కదపలేదు. ధరలు ఎక్కడికి పోయినా ఆ ఆరువేలు అట్లాగే ఉన్నాయి. వాడుకలో యజమానులు కొద్దిపాటి ప్రీమియం ఎక్కువ కట్టి ఏడున్నర లక్షల దాకా రక్షణ తీసుకుంటారు గనుక ఇబ్బంది తప్పుతూ వచ్చింది. కారు గలవారు తమ స్వంత పాలసీ నుంచి మరమ్మతు చేయించుకుంటే అదే సొమ్మును మళ్ళీ ఎదుటివారి నుంచి అడగరాదు. తామే భరించిన మినహాయింపు భాగాన్ని అడగవచ్చు. చిన్న కార్లకు ఆ భాగం వెయ్యి రూపాయలు. దానికోసం ఎవరు కోర్టు మెట్లెక్కుతారు?

అర్జీ గడువుకు మూడు రోజుల ముందు దాఖలైంది. బీమా కంపెనీ మొదట, బావగారు సైగ చేయకుండా మలుపు తిరిగారని, తప్పులో ఆయనకూ పాలున్నదని వాదించింది. వెనుకనుంచి తగిలినట్లు పోలీసుల నక్షాలో ఉన్నందున ఆ వాదం ఎక్కువ దూరం పోలేదు. డ్రైవరు కుర్రవాడు ఒకసారి వచ్చి, తాను గమనించలేదని నిజం చెప్పి వెళ్ళాడట. ఇంటిముందు ఆగి అక్కయ్య ఇచ్చిన టీ కూడా త్రాగాడట.

ఈలోగా ఢిల్లీలో కొన్ని మార్పులు జరిగాయి. సుప్రీంకోర్టు ఒత్తిడి మీద కేంద్రం 2025 మే 5న రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల పాటు లక్షన్నర దాకా నగదు చెల్లించనక్కరలేని చికిత్స పథకాన్ని ప్రకటించింది. మంచి పని. కాని అది ఆసుపత్రి లోపలి ఖర్చును గూర్చినది. లాడ్జి గది, ఇంటి దగ్గరి మనిషి, అరవై రోజుల వ్యాయామం దానికి కనబడవు. ఆరు నెలల గడువును సవాలు చేస్తూ దాఖలైన అర్జీలపై సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరులో, ఆ ప్రశ్న తేలేలోగా గడువు మీరిందన్న ఒక్క కారణంతో ఏ క్లెయిమునూ కొట్టివేయరాదని మధ్యంతర ఆదేశం ఇచ్చింది. మూడేళ్ళుగా కొట్టివేసిన అర్జీల లెక్క ఎవరైనా సభ ముందు ఉంచాలని సభ్యులు అడిగితే బాగుండును. ప్రశ్న వేయడానికి ఖర్చేమీ లేదు.

బావగారి కేసు డిసెంబరులో లోక్ అదాలత్‌కు వచ్చింది. ఖర్చుల పద్దు క్రింద కంపెనీ వారు రసీదులున్న రూ. 54,450 దగ్గర మొదలుపెట్టారు. ప్లీడరు పుస్తకం తీశాడు. బెంచి మీద ఉన్న న్యాయాధికారి ఆ పుటలు కొంతసేపు త్రిప్పి, ఒకచోట ఆగి, ‘ఇక్కడ చాకలికి ఇచ్చిన నలభై రూపాయలు కొట్టివేసి ఉన్నాయేమి?’ అని హిందీలో అడిగాడట. ఆ చాకలి ఖర్చు కాలికి సంబంధించినది కాదు, పొరపాటున ఈ వరుసలో పడింది, అందుకే కొట్టివేశాను అని అక్కయ్య చెప్పింది. ఆ తరువాత బేరం చాలాసేపు సాగలేదు. ఖర్చులకు రూ. 98,000 వద్ద తెగింది. బాధకు, కాలు కాస్త పొట్టి అయినందుకు, కడ్డీ తీయడానికి వేరుగా మరికొంత. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. ఇరుపక్షాలూ సంతకాలు చేశాయి.

సొమ్ము బ్యాంకులో పడిన రోజు అక్కయ్య ఫోను చేసింది. జమ వైపు ‘జీపు - 98,000’ అని, దాని క్రింద ‘మన చేతిది - 23,200’ అని వ్రాసి గీత గీసిందట. వెనుక నుంచి బావగారి కేక వినబడింది: ‘వాడి ఢిల్లీ టికెట్టు వ్రాశావా?’